మూల మూయని బొంత

బోధన్ బస్టాండు నుంచి ఎడపల్లి దాకా ఒక బారెడు దారం. జానకంపేట దాటేసరికి ఇంకో బారెడు. అర్సపల్లిలో జనం దిగే వేళకు మూడోది కూడా చివరికొచ్చి సూది వెనక జానెడు తోక మాత్రం మిగులుతుంది. కిలోమీటర్లు డ్రైవర్లకు కావాలి. నాకు మాత్రం బోధన్ నుంచి నిజామాబాద్ అంటే మూడు బారల దారం, అంతే.

నా పేరు పుష్పలత. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పని నాది, పద్దెనిమిదేళ్ళుగా. రోజూ ఏడుంపావు బస్సెక్కి కండక్టర్ సీటు వెనక, కిటికీ పక్కన కూర్చుంటాను. ఒళ్ళో సంచి, సంచిలో టిఫిన్ డబ్బా, డబ్బా మీద మడిచిన బొంత. పాత చీరలు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, ఈ చివర నుంచి ఆ చివర దాకా దగ్గర దగ్గరగా వరుసలు కుడితే బొంత అవుతుంది. ఇది చంటిపిల్లల బొంత కాబట్టి సంచిలో పడుతుంది.

"దినమంత మందికి సూదులు గుచ్చుతవ్, బస్సెక్కినా సూది ఇడువవా అక్కా" అని కండక్టర్ త్రివేణి నవ్వుతుంది.

"మనుషులైతే గుచ్చేటప్పుడు మొఖం తిప్పుకుంటరు. గుడ్డ తిప్పుకోదు" అన్నాను ఒకసారి. త్రివేణికి నేనంటే ఇష్టమే కానీ నా నోరంటే కొంచెం జంకు.

చేతిపనికి తీరిక కావాలి అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తీరిక ఎవరికుంది? ఏర్గట్లలో మా అమ్మ పసుపు ఉడకబెట్టే రోజుల్లో కూడా బొంత కుట్టేది. ఒక విడత కడాయి దించి ఇంకో విడత ఎక్కించే మధ్యలో పది కుట్లు. పాలు పొంగు వచ్చేలోపు నాలుగు. ఆమె కుట్టిన బొంతల్లో ఇప్పటికీ పసుపు మరకలుంటాయి, ఎన్ని ఉతుకులు ఉతికినా పోవు. తీరిక దొరికాక కుడదాం అనుకుంటే మా అమ్మ జన్మలో ఒక్క బొంత కూడా పూర్తయ్యేది కాదు.

పూర్తి కావడం అంటే ఏమిటో కూడా ఆమే నేర్పింది. అన్ని వరుసలూ అయ్యాక ఒక మూలను నాలుగు వేళ్ళు పట్టేంత తెరిచి ఉంచాలి. అందులో ఒడిబియ్యం గింజలు కొన్ని పెట్టాలి. పెళ్ళైన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి ఒడిలో పోస్తారే, ఆ పసుపు బియ్యం. "బొంత ఆకలితోని ఉండొద్దు బిడ్డా, దానికి ఒక బుక్క పెట్టాలె" అనేది అమ్మ. గింజలు పెట్టి మూల కుట్టేస్తే అది బొంత. అప్పటిదాకా గుడ్డల దొంతర.

నేను ఇంట్లో ఎందుకు కుట్టడం లేదో చెప్పాలి.

మా అమ్మాయి హర్షిణిని నందిపేట్ ఇచ్చాం. రెండేళ్ళ కింద మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలోనే బొంత పూర్తి చేశాను. బిడ్డ పుట్టకముందు ఏదీ సిద్ధం చేయొద్దని మా వైపు అంటారు. నేను వింటేనా? గింజలు పెట్టి, మూల మూసి, ఉతికి దండెం మీద ఆరేసి వచ్చేపోయేవాళ్ళకు చూపించాను. అది ఆరేసిన తొమ్మిదో రోజున హర్షిణి కడుపులోనే బిడ్డ పోయింది. ఆడపిల్ల.

బీపీ ఎక్కువై అలా జరిగింది. రిపోర్టు నేనే చదివాను. అందులోని ప్రతి అంకెకు అర్థం నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? హర్షిణిని ఆసుపత్రి నుంచి మా ఇంటికి తెచ్చిన రోజు, దండెం మీది బొంత తీసి మడిచిపెట్టి గోడకు ఆనుకుని కూర్చుంటే మా అత్తమ్మ ఈరవ్వ దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగింది.

"మూల మూసినవా పుష్పా?"

"మూసిన" అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట నాలో కత్తిలా దిగింది. అప్పటినుంచి మా అత్తాకోడళ్ళ మధ్య ఉప్పు, పాలు, కరెంటు బిల్లు మాటలు తప్ప వేరే మాటలు లేవు. బొంత మాత్రం ఆమె పెట్టెలో అడుగున ఎక్కడో ఉంది. నేను మళ్ళీ దాని వైపు చూడలేదు.

ఇప్పుడు హర్షిణి మళ్ళీ నెలలతో ఉంది. సంక్రాంతి దాటాక ఫోన్లో, కూర ఏం వండావని అడిగినంత మామూలుగా, "ఈసారి ఏం కుట్టకు అమ్మా" అంది. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక, నా కూతురు కూడా నన్నే అంటోంది అనిపించి చాలాసేపు కుళాయి తిప్పి వదిలేసి అలాగే నిలబడ్డాను.

సరే అన్నాను కానీ చేతులు వినలేదు. వారం తిరగకుండానే పాత చీరలు సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఇంట్లో కుట్టలేదు కదా, ఒక్క కుట్టు కూడా గడప లోపల వేయలేదు కదా, బస్సు ఎవరి ఇల్లూ కాదు కదా అని నాకు నేనే వాదించుకున్నాను. మూల ఎలాగూ మూయను. మూయనిది బొంతే కాదు. బిడ్డ క్షేమంగా నా చేతికి వచ్చాక అప్పుడు చూసుకుంటాను. ఇలాంటి లాయరు తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

జనవరి పొద్దుల్లో బోధన్ దాటితే బయట ఏమీ కనబడదు. మంచులో చెరుకు పూత మాత్రం తెల్లగా, నేల లేకుండా తేలుతూ ఉంటుంది. ఎక్కడో ట్రాక్టరు చప్పుడు వినబడుతుంది కానీ ట్రాక్టరు కనబడదు. షుగర్ ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళు గడిచాయి. ఫ్యాక్టరీ కాలనీ శక్కర్‌నగర్‌లో పుట్టి పెరిగిన మా ఆయనకు లాగానే నాకు కూడా ఇప్పటికీ షిఫ్టు టైముకు చెవుల్లో దాని సైరన్ మోగుతుంది. ఆ మంచులో, ఆ లేని సైరన్‌లో, కిటికీ సందులోంచి వచ్చే చల్లగాలిలో సూది దానంతటది పోయేది. రోడ్డు బాగున్నచోట కుట్టు సన్నగా వచ్చేది. గుంతల దగ్గర వంకరపోయేది. కొన్నాళ్ళకు బొంతను చేత్తో తడిమితే ఎడపల్లి ఎక్కడో, రైల్వే గేటు ఎక్కడో తెలిసిపోయేది.

సాయంత్రం బస్సులో నిలబడడానికే చోటుండదు. కాబట్టి రోజుకు రెండు వరుసలే. హర్షిణికి ఏడో నెల నిండింది. నా వరుసలు బొంత నడుము దాటాయి.

ఎడపల్లిలో పెంటవ్వ ఎక్కుతుంది. మెంతికూర, పాలకూర గంపతో నిజామాబాద్ మార్కెట్‌కు పోయే మనిషి. గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని నా పక్కన కూర్చుంటే బస్సంతా తడి కూర వాసన వస్తుంది. ఆమె నన్ను ఎవరికని అడగలేదు, ఎన్నో నెలని అడగలేదు. కుట్టును మాత్రం కళ్ళార్పకుండా చూసేది.

ఒకరోజు నాకు నిద్ర పట్టేసింది. ముందురోజు ల్యాబ్‌లో క్యాంపు పెట్టి నడుం విరగ్గొట్టారు. నిద్రలో కూడా బస్సులోనే ఉన్నాను. కాకపోతే రోడ్డు మీద నీళ్ళు, పోచంపాడ్ డ్యామ్ నీళ్ళలాగా అంచు కనబడని నీళ్ళు, కిటికీ కింది దాకా. బస్సు చప్పుడు లేకుండా పోతోంది. డ్రైవర్ వెనక సీట్లో రెండేళ్ళ పాప కూర్చుని ఉంది. తల మాత్రం కనబడుతోంది, నూనె పెట్టి దువ్విన తల. నా సూదిలోని దారం సీట్ల కింద నుంచి పోయి పాప చేతిలో ఉంది. నేను కుట్టు వేసినప్పుడల్లా పాప కొంచెం దారం వదులుతోంది. ఇటు తిరుగు బిడ్డా, ఒక్కసారి ముఖం చూసుకుంటాను అనాలని ఉంది. అంటే దారం వదిలేస్తుందేమోనని అనలేదు. సైరన్ మోగింది. పాప దిగే చోటు వచ్చినట్టు లేచి నిలబడింది.

కళ్ళు తెరిచేసరికి సారంగాపూర్. ఒళ్ళో బొంత ఉంది. దాని మీద ఒక వరుస కొత్తగా ఉంది. నేను మెలకువలో వేసిన కుట్లకంటే తిన్నగా, వేలితో కొలిచినట్టుగా. ఉలిక్కిపడి డ్రైవర్ వెనక సీటు వైపు చూశాను.

"ఏం లేదు బిడ్డా" అంది పెంటవ్వ సూదిని గుడ్డకు గుచ్చి నాకు ఇస్తూ. "నువ్వు పండుకున్నవ్. సూది జారి కింద పడ్తదని వట్టిన. చేతిల సూది వట్టినంక ఊకెట్ల కూసుంటం."

నా నోటికి మాట దొరకకపోవడం త్రివేణి కూడా వింతగా చూసింది. ఆ రోజు నుంచి రోజూ ఎడపల్లి నుంచి జానకంపేట దాకా బారెడు పెంటవ్వది. నేను ఆ కాసేపు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేదాన్ని. పాప మళ్ళీ రాలేదు. నీళ్ళు మాత్రం వచ్చేవి.

మార్చి వచ్చింది. మంచు పోయి, ఊళ్ళ పక్కన కల్లాల్లో పసుపు ఆరబోసిన వాసన బస్సులోకి రావడం మొదలైంది. ఒక గురువారం అర్సపల్లి దగ్గర చివరి వరుస అయిపోయింది. నాలుగు వేళ్ళంత మూల తెరిచి ఉంచి దారం తెంపాను. హర్షిణికి ఇంకా మూడు వారాలుంది. బొంతను సంచిలోనే ఉంచి రోజూ తెచ్చుకుని రోజూ తీసుకుపోయాను. కుట్టడానికి ఏమీ లేక వేళ్ళు ఆ తెరిచిన మూలలోకి పోయి లోపలి పొరలు లెక్కపెట్టేవి.

సోమవారం బస్సు ఎడపల్లి దాటగానే ఫోన్ వచ్చింది. అల్లుడు ప్రశాంత్.

"అత్తమ్మా, హర్షికి తెల్లారి నుంచి నొప్పులు. నిజామాబాద్ పెద్దాస్పత్రికి తెచ్చినం. బీపీ ఎక్కువున్నదట. లోపలికి తీస్కపోయిండ్రు."

బీపీ అనే మాట తర్వాత ఏమన్నాడో నాకు తెలియదు. ఫోన్ సంచిలో పడేసి బొంత బయటికి తీశాను. పూర్తి చేశాను కదా. మూల తెరిచి ఉందని సాకు చెప్పుకున్నాను కానీ గురువారం నాడు దారం తెంపుతూ మనసులో అమ్మయ్య అయిపోయింది అనుకున్నాను కదా. అనుకున్నది చాలదా? సంచి జేబులోంచి చిన్న కత్తెర తీసి మొదటి వరుస కుట్టు కింద దూర్చి లాగాను. రెండోది లాగాను. విప్పుతూనే ఉన్నాను. పిచ్చిదానిలా కనబడుతున్నానని తెలుసు. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

పెంటవ్వ నా చేయి పట్టుకోలేదు. ఎందుకని అడగలేదు. నేను లాగి పారేస్తున్న దారాన్ని ఒక్కొక్క పోగూ ఏరి తన వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. జానకంపేట పోయింది, సారంగాపూర్ పోయింది. అర్సపల్లి వచ్చేసరికి ఇరవై వరుసలు ఊడి, పైముక్కలు చెవుల్లా వేలాడుతున్నాయి. బస్టాండులో దిగేటప్పుడు పెంటవ్వ వేలి నుంచి ఆ దారపు చుట్ట తీసి నా పిడికిట్లో పెట్టింది.

"పో బిడ్డా. నీ బిడ్డ కాడికి పో" అంది.

ఆసుపత్రి వరండాలో ప్రశాంత్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. పద్దెనిమిదేళ్ళు తెల్లకోట్ల మధ్య పనిచేసినదాన్ని, ఎవరినైనా పట్టుకుని బీపీ ఎంతుందని అడగొచ్చు. అడగలేదు. అంకె తెలిస్తే దాని అర్థం తెలుస్తుంది. బెంచీ మీద కూర్చుని, ఊడిన బొంతను సంచిలో కుక్కి, పిడికిలి తెరవకుండా ఎదురుగా ఉన్న గోడగడియారం చూస్తూ ఉండిపోయాను.

ప్రశాంత్ ఇంటికి ఫోన్ చేశాడట, గంటకు అత్తమ్మ వచ్చింది. ఏ ఊరికీ ఒంటరిగా బస్సెక్కని మనిషి, బోధన్ నుంచి ఒక్కతే వచ్చింది. చంకలో పాత దుప్పటిలో చుట్టిన మూట. నా పక్కన కూర్చుని మూట విప్పింది. రెండేళ్ళ కిందటి బొంత.

నాకు ఒళ్ళంతా మంట లేచింది. "గదెందుకు తెచ్చినవ్ అత్తమ్మా? గిప్పుడా? గిక్కడికా?"

ఆమె బొంతను నా ఒళ్ళో పరిచి, దాని మూల తీసి నా వేళ్ళకు అందించింది. మూల తెరిచి ఉంది. నేను దగ్గర దగ్గరగా వేసిన కుట్లు ఒక్కటి లేకుండా ఎవరో జాగ్రత్తగా విప్పారు. గుడ్డ ఎక్కడా చిరగలేదు.

"గా దినమే ఇప్పిన" అంది. "మూల మూసినవా అని నిన్ను అడుగలేదా. మూసిన అన్నవ్. గందుకే పోయి ఇప్పిన."

"ఎందుకు?"

"మూసిన బొంత పిల్ల కోసం ఎదురుసూస్తది. పిల్ల రాదాయె. ఇంట్ల ఎదురుసూసే బొంత ఉంటే నువ్వు దాన్ని సూసి సూసి పాణం తీస్కుంటవని ఇప్పిన. నిన్ను అననీకె అడుగలే పిల్లా."

రెండేళ్ళు. ఆ మాటను రెండేళ్ళు మోశాను. "మరి చెప్పొద్దా అత్తమ్మా" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"నువ్వు అడిగితే చెప్పకపోదునా. అడుగకపోతివి. మొఖం గోడ దిక్కు వెట్టుకున్నవ్." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, నావి తుడిచింది. "బస్సుల కుడుతున్నవని గూడ నాకు ఎర్కనే. దినాం నీ కుచ్చిళ్ళకు దారాలు అంటుకొని వస్తయ్."

నేను సంచి తెరిచి, ఊడగొట్టిన కొత్త బొంతను చూపించాను. ఆమె వేలాడుతున్న ముక్కలను ఒకసారి సర్ది, మడిచి మళ్ళీ సంచిలో పెట్టింది. ఆ తర్వాత ఇద్దరం గడియారం చూశాం.

పదకొండు దాటాక నర్సు తలుపు తీసి హర్షిణి పేరు పిలిచింది. ఆడపిల్ల అంది. రెండు కిలోల రెండొందలు. తల్లికి బీపీ దిగుతోంది, కాసేపయ్యాక వార్డుకు పంపుతాం అంది. ప్రశాంత్ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. లోపలి నుంచి ఏడుపు వినబడింది. నేను ఎన్నో ఏళ్ళుగా ఎందరో పసివాళ్ళ మడమల నుంచి రక్తం తీశాను, అందరి ఏడుపూ విన్నాను. ఇంత మంచి ఏడుపు వినలేదు.

మధ్యాహ్నం వార్డులో హర్షిణి పాలిపోయి పడుకుని ఉంది. పాపను ఆసుపత్రి గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. నేను సంచినీ మూటనూ మంచం కిందకి తోసేశాను. కుట్టకు అన్న పిల్లకు ఏ ముఖంతో చూపిస్తాను? కానీ దుప్పటిలోంచి బొంత అంచు బయటికి కనబడుతూనే ఉంది.

"అది మన బొంత గదా అమ్మా" అంది హర్షిణి.

"అవ్వ తెచ్చింది. నేను తేలే. కుట్టకు అన్నవ్ గదా, నీకు ఇష్టం లేకపోతే..."

"నీ మీద కోపంతోని అన్నాననుకున్నవా?" ఆమె చేయి చాపి నా కొంగు పట్టుకుంది. "గప్పుడు నువ్వు దాన్ని దండెం మీదికెళ్ళి తీసి ఒక్కదానివే కూసొని మడతపెట్టినవ్. నేను తలుపు కాడి నుంచి సూసిన. మళ్ళ ఒకపారి నువ్వట్ల మడతపెట్టుడు నేను సూడలేననే వద్దన్న."

నేను ఏడ్చాను, అంతే.

"అదే పాప కింద పరువు అమ్మా" అంది హర్షిణి. "దాని అక్కది గదా."

పాత బొంతను పరిచాం. అత్తమ్మ పాపను ఎత్తి దాని మీద పడుకోబెట్టింది. అంత చిన్న మనిషి. మా అమ్మ చీర ముక్క మీద తల, హర్షిణి లంగా ముక్క మీద కాళ్ళు. నుదుటి మీద తడి వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. బస్సులో నీళ్ళ మీద నేను చూడలేకపోయిన ముఖం ఇలాగే ఉండేదేమో అనుకున్నాను. భయం వేయలేదు.

అత్తమ్మ నడుముకు కట్టుకున్న వక్కల తిత్తి విప్పింది. వక్కల కింద చిన్న గుడ్డ మూట. అందులో బియ్యపు గింజలు, పసుపు రంగు ఇంకా పోలేదు. ఆ రోజు మూలలోంచి తీసినవి. రెండేళ్ళు నడుముకే ఉన్నాయి. వాటిని నా అరచేతిలో పోసింది.

పిడికిలి తెరిచి పెంటవ్వ చుట్టిచ్చిన దారం తీశాను. విప్పిన దారం కదా, కుట్టు కుట్టుకూ వంకర తిరిగి ఉంది. రోజుకు అరవై మందికి వణకకుండా సూది గుచ్చే నా చేతులు సూదిలోకి దారం ఎక్కించలేకపోయాయి. అత్తమ్మ సూది తీసుకుని, దారం కొస నోట్లో తడిపి, ఒక్కసారికే ఎక్కించి ఇచ్చింది. గింజలు మూలలో పెట్టాను. పాప నిద్రపోతుండగా, కదిలించకుండా, ఆ మూల చుట్టూ కుట్టుకుంటూ వచ్చాను. జానెడు దారం సరిపోయింది. ముడి వేసి పళ్ళతో తెంపాను.

హర్షిణికి కళ్ళు మూతలు పడుతున్నాయి. కిటికీలోంచి వెచ్చటి గాలి వస్తోంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న అత్తమ్మ నా వైపు చూసింది.

"మూల మూసినవా పుష్పా?"

"మూసిన అత్తమ్మా" అన్నాను.